ఈ ఎండాకాలం పానకం పిల్లలే కలపాలి



పోయిన నెల ఏడో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో పాఠ్యపుస్తకం పక్కన పెట్టాను. ఇంట్లో ఖాళీ అయిన డ్రింక్ సీసాలు, డబ్బాలు, ప్యాకెట్లు తెమ్మని పిల్లలకు ముందురోజే చెప్పాను. వాటి వెనక చిన్న అక్షరాల్లో ఉండేదే ఆ రోజు మా రీడింగ్ కాంప్రహెన్షన్. ఒక బాబు ఎనర్జీ డ్రింక్ డబ్బా తెచ్చాడు. పైకి చదవమంటే చదువుతూ చదువుతూ 'నాట్ రికమెండెడ్ ఫర్ చిల్డ్రన్' అన్న చోట ఆగాడు. "రికమెండెడ్ అంటే ఏంటి మేడమ్?" అన్నాడు. "పిల్లలకు ఇవ్వదగినది కాదు అని అర్థం నాన్నా" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. "క్రికెట్ ఆడినప్పుడల్లా ఇదే కొనుక్కుంటాను మేడమ్. షాపు అంకుల్ ఎప్పుడూ ఏమీ అనలేదు" అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను ఈ వ్యాసం రాయించింది.

డబ్బా మీద ఆ హెచ్చరిక కంపెనీ తనంతట తాను వేసింది కాదు. లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండే డ్రింకుల మీద పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని తప్పనిసరిగా రాయాలన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. అదే సంస్థ 2020లో ఇంకో నిబంధన తెచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను స్కూలు ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ పిల్లలకు అమ్మకూడదు. చట్టం అంతవరకు చేయగలదు. 51వ మీటరు నుంచి బాధ్యత మనదే.

మన సారపాక ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. మార్చి సగానికే మధ్యాహ్నం గోదావరి బ్రిడ్జి మీద బండిపై వెళ్తే ముఖం మండిపోతుంది. ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లలు మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరతారు. బ్యాగు ఒక మూలకు, బూట్లు ఒక మూలకు విసిరేసి నేరుగా ఫ్రిజ్ తలుపు తీస్తారు. ఆ తలుపు వెనక ఏం ఉంచుతున్నాం అన్నదే నా ప్రశ్న.

జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. గోదావరి దాటితే భద్రాచలం. శ్రీరామనవమికి పానకం, వడపప్పు తీసుకోని ఇల్లు మన చుట్టుపక్కల అరుదు. కానీ ఆ పానకాన్ని ఏడాదికి ఒక్క రోజు గ్లాసులో పోసి, మిగతా ఎండాకాలమంతా కూల్‌డ్రింకులు కొంటున్నాం. పానకం మా ఇంటి పద్ధతి కాదు అనుకునేవారికి నిమ్మరసం, సబ్జా గింజల షర్బత్ ఉంది, మజ్జిగ ఉంది, రాగి అంబలి ఉంది. ఏదైనా సరే, ఇంట్లో కలిపినదై ఉండాలి. వీలైతే పిల్లలు కలిపినదై ఉండాలి.

మా ఇంట్లో కొలత ఇదీ. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, 60 గ్రాముల బెల్లం తురుము, దంచిన మిరియాలు ఎనిమిది, యాలకులు రెండు, అర టీ స్పూను శొంఠి పొడి, చిటికెడు ఉప్పు. బెల్లం కరిగాక వడకట్టాలి, అడుగున మట్టి, నలుసులు ఉంటాయి. తర్వాత మిగతావి కలిపి, కావాలంటే అర చెక్క నిమ్మరసం పిండి, ఒక గంట కుండలో ఉంచితే చాలు. పొయ్యితో పని లేదు కాబట్టి నాలుగో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

గుళ్లో ఇచ్చే పానకం కంటే ఇది తీపి తక్కువ. కావాలనే తగ్గించాను. బెల్లం కూడా చక్కెరే. ఈ విషయంలో మనల్ని మనం మోసం చేసుకోకూడదు. రోజు మొత్తం శక్తిలో బయటి నుంచి కలిపే చక్కెర 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1,500 కిలోక్యాలరీలు తినే పిల్లలకు లెక్క వేస్తే 10 శాతం అంటే సుమారు 37 గ్రాములు, 5 శాతం అంటే సుమారు 19. మామూలు కోలా 250 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. పైన చెప్పిన పానకం 200 మిల్లీలీటర్ల గ్లాసులో 60 గ్రాముల్లో ఐదో వంతు, అంటే 12 గ్రాముల బెల్లం. ఇంట్లో చేసింది కాబట్టి ఎంతైనా తాగొచ్చు అని కాదు. ఇంట్లో చేస్తే చెంచా మన చేతిలో ఉంటుంది, వచ్చే వారం ఇంకో పది గ్రాములు తగ్గించుకోవచ్చు. సీసాలో ఆ వీలు లేదు. రోజూ తాగడానికైతే తీపి లేని మజ్జిగ, అంబలి ఇంకా మేలు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు పానకం ఇవ్వకండి. తీపి ఎక్కువైన నీళ్లు విరేచనాలను పెంచుతాయి. అప్పుడు కావాల్సింది ఓఆర్ఎస్. డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. రంగు రంగుల తీపి డ్రింకులకు ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్ముతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ సూత్రం ప్రకారం లేని డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఆమె పోరాటం మొదలైంది కూడా లేబుల్ చదవడంతోనే.

ఈ అడవి అంచు ఊళ్లలో ఉండే మనకు ఇంకో సంగతి బాగా తెలుసు. బెల్లాన్ని నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి కాస్తే గుడుంబా. అదే బెల్లాన్ని మిరియాలతో కలిపి వెంటనే తాగితే పానకం. ఇప్పపువ్వు కూడా అంతే. కోయ ఇళ్లలో దాన్ని ఎండబెట్టి ఆహారంగా వాడతారు, సారా కూడా కాస్తారు. సరుకు ఒకటే, మనం దానితో ఏం చేస్తామన్నదే తేడా. పానకం మాత్రం కలిపిన రోజే తాగేయండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికి ఉంచకండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన ఫంక్షన్లలో ఇప్పుడు రెండు రకాల గ్లాసులు కనిపిస్తున్నాయి. పెద్దవాళ్లకు ఒకటి, పిల్లలకు కూల్‌డ్రింక్ ఒకటి. పిల్లలు ఆ గ్లాసులు తగిలించుకుని 'చీర్స్' అంటారు. మనం ముచ్చటపడి వీడియో తీస్తాం. వాళ్లు ఆ రోజు రుచి కన్నా ముందు అలవాటును నేర్చుకుంటున్నారు. సంతోషమంటే సీసా మూత తీయడం అని నేర్చుకుంటున్నారు. నవమి పందిట్లో అలా కాదు. తాతయ్యకూ, మనవడికీ, పోలీసాయనకూ, పూలమ్మే అమ్మకూ ఒకే పానకం. పండగ అంటే అందరూ ఒకటే తాగడం అన్న సంగతి పిల్లలకు మాటల్లో చెప్పలేం, గ్లాసులో పోసి చూపించాలి.

"ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, టైమ్ ఎక్కడుంది మేడమ్" అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అంటారు. షిఫ్టు దిగి వచ్చే నాన్న అలసట, పొద్దున ఐదింటికి లేచే అమ్మ అలసట నాకు తెలియనివి కావు. అందుకే మీరు చేయకండి, వాళ్ల చేత చేయించండి అంటున్నాను. లీటరుకు 60 గ్రాములైతే నలుగురికి, ఒక్కొక్కరికి 200 మిల్లీలీటర్ల చొప్పున ఎంత బెల్లం కావాలో వాళ్లనే లెక్క కట్టమనండి. మ్యాథ్స్ హోంవర్క్ అయిపోతుంది. "మావాడు ఇలాంటివి తాగడండీ" అనేవారికి నా అనుభవం ఒకటే. పిల్లలు మనం ఇచ్చింది వద్దంటారు గానీ తాము చేసింది వద్దనరు.

2023లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఫీజు కట్టి చదివించే మనం ఆ విషయంలో వెనకబడితే ఎలా?

నేను అడిగేవి రెండే. ఒకటి, ఈ సెలవుల్లో వారానికి రెండు రోజులైనా ఇంట్లో డ్రింకు కలిపే పని పూర్తిగా పిల్లలకు అప్పగించండి. రెండు, షాపులో ఏ సీసా కొన్నా డబ్బులిచ్చే ముందు దాని వెనక ఉన్నది వాళ్ల చేత పైకి చదివించండి. పదార్థాల్లో ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాస్తారు. నీళ్ల తర్వాత చక్కెర పేరే వచ్చిందంటే అర్థమైపోతుంది. అర్థం కాని మాట ఉంటే నాకు రాసి పంపండి, క్లాసులో చెబుతాను. మనం ఇంగ్లిష్ మీడియంలో చేర్పించింది చదివినది అర్థం చేసుకోవడానికే కదా.

ఆ బాబు తర్వాతి సోమవారం వాటర్ బాటిల్ నిండా పానకం తెచ్చాడు. మిరియాలు మరీ ఎక్కువై అందరం దగ్గుతూనే తాగాం. బాటిల్ మీద కాగితం అంటించి, ఏమేం వేశాడో బరువుల వారీగా ఇంగ్లిష్‌లో రాసుకొచ్చాడు. కింద పెద్ద అక్షరాల్లో 'రికమెండెడ్ ఫర్ చిల్డ్రన్' అని ఉంది. స్పెల్లింగ్‌లో ఒక తప్పుంది. ఆ ఒక్క రోజుకు దిద్దకుండా వదిలేశాను.