ఆరోగ్య విషయములు: మెడలోని గ్రంథియు, కడుపులోని సిరలును

మెడలోని గ్రంథి అతిగా పనిచేసినచో కడుపులోని సిరలయందు రక్తము గడ్డకట్టవచ్చునని చెప్పిన మా సోదరీమణులు నమ్మకపోవచ్చును. కుత్తుక యెక్కడ, ప్రేగులెక్కడ! అయినను రక్తమునకు ఇట్టి దూరములు లెక్కకు రావు. ఇది మిక్కిలి అరుదు. కాని గుర్తింపక జాగుచేసినచో ప్రాణాపాయము గనుక ఈ మాసమున దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

థైరాయిడు గ్రంథినుండి ఊరు రసము దేహమందలి పనులకెల్ల వేగమును నిర్ణయించును. అది చాలనిచో కలుగు మాంద్యమును గూర్చి మన యిండ్లలో నేడు చాలమంది యెరుగుదురు. మితిమీరినప్పటి సంగతి అంతగా నెరుగరు. గుండె దడదడ కొట్టుకొనును, చేతులు వణకును, ఎంత తిన్నను మనిషి చిక్కిపోవును, నిద్రపట్టదు, ఋతుక్రమము తప్పును, చీటికిమాటికి కోపము వచ్చును. గ్రంథి చేయు పని యిది యని తెలియక కోడలిని గయ్యాళి యనిన యిండ్లు లేకపోలేదు. డబ్లిను నగర వైద్యుడగు రాబర్టు గ్రేవ్సు 1835 లో మెడవాపును, విడువని గుండెదడయు గల ముగ్గురు స్త్రీలను గూర్చి వ్రాసెను. ఈ వ్యాధులలో ముఖ్యమైన దానిని నేటికిని ఆయన పేరనే పిలుచుచున్నారు. అది పురుషులకంటె స్త్రీలకు పలురెట్లు హెచ్చుగ వచ్చును.

రక్తమున గడ్డకట్టించు పదార్థములు కొన్ని, గడ్డను కరగించునవి కొన్ని తూకముగ నుండును. కూర తరుగునప్పుడు వ్రేలు తెగి కారు రక్తము కొంతసేపటికి తానే ఆగుట మొదటివాని చలువయే. థైరాయిడు రసము హెచ్చినప్పుడు ఎనిమిదవ కారకము, ఫైబ్రినోజను మొదలగునవి రక్తములో పెరుగును. కరగించు శక్తి తగ్గును. అప్పుడు కాలి సిరలలోనో, మెదడు సిరలలోనో, అరుదుగా కడుపులోని సిరలలోనో గడ్డ యేర్పడవచ్చును. బరువు తగ్గవలెనని థైరాయిడు మాత్రలను వైద్యుడు చెప్పినదానికంటె ఎక్కువ మ్రింగువారికిని రసము హెచ్చినట్లే యని మరువరాదు.

ప్రేగులనుండియు ప్లీహమునుండియు వచ్చు సిరలు కలిసి పోర్టలు సిర యను పేర కాలేయమును చేరును. ప్రేగుల సిర పూడినచో నొప్పి తీవ్రముగ నుండి, చికిత్స లేనియెడల ప్రేగులో కొంతభాగము చచ్చును. పోర్టలు సిర పూడినచో ప్లీహము ఉబ్బును. పిమ్మట రక్తపు వాంతులు కలుగవచ్చును. కాలేయమునుండి వెడలు సిరలు పూడినచో కాలేయము వాచి పొట్టలో నీరు చేరును.

ఇందులకు గ్రంథి యొక్కటే కారణమగుట అరుదు. కాలేయపు జబ్బు, పుట్టకురుపు, ఎముకల మూలుగలోని రక్తదోషము, పుట్టుకతో వచ్చిన గడ్డకట్టు స్వభావము, కాన్పు, కొన్ని గర్భనిరోధక మాత్రలు తరచుగా తోడుపడును. కావుననే థైరాయిడు దోషము బయటపడినను వైద్యులు తక్కిన పరీక్షలు మానరు.

కడుపునొప్పి యనగానే వాము నమలుట, పొట్టపై ఆముదము రాయుట మన వాడుక. వానిని మేము నిందింపము. కాని థైరాయిడు హెచ్చుగ నున్న స్త్రీకి నొప్పి గంటలతరబడి విడువకున్నను, వాంతులగుచున్నను, మలము నల్లగనో రక్తముతోనో వెడలినను, పొట్ట ఉబ్బుచున్నను వాముతో ప్రొద్దుపుచ్చక ఆ దినముననే ఆసుపత్రికి పోవలయును. పోయి, థైరాయిడు సంగతి ముందుగనే చెప్పవలయును. పొట్టను చూచుటకు డాప్లరు పరీక్షయో, సీటీ పరీక్షయో చేయుదురు. సీటీకై సిరలోనికెక్కించు మందులో అయోడిను ఉండును. అది కొందరిలో ఈ జబ్బును రేపును గనుక వైద్యునికి ముందు తెలిసియుండుట మేలు.

గడ్డ పెరుగకుండ హెపారిను, వార్ఫరిను వంటి మందులును, గ్రంథిని అణచుటకు కార్బిమజోలు వంటి మాత్రలును ఇత్తురు. ఇందొక చిక్కు కలదు. రసము హెచ్చుగ నున్నంతకాలము వార్ఫరిను కొద్దిపాటియే చాలును. గ్రంథి శాంతించిన కొలది అదే మోతాదు చాలకపోవును. అందుచే మొదటి నెలలలో ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్షను వైద్యుడు చెప్పిన దినమున తప్పక చేయించుకొని, ఆ చీటీలను వరుసగ దాచి, పోయిన ప్రతిసారియు చూపవలయును.