మా పిల్లల నవ్వు మీ ఫ్లెక్సీ కోసం కాదు

పోస్టు పొడుగే ఉంటది, సగంల ఇడిసిపెట్టకుండ్రి.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం, దాని ఎనుకనే ఆగస్టు 15. ఎడపల్లి, బోధన్ దిక్కు హాస్టళ్ళకు దుప్పట్లు, నోటుబుక్కులు, అరటిపండ్లు పట్టుకొని వచ్చే సీజన్ మొదలైతుంది. వచ్చేటోళ్ళ వెంట కెమెరా ఎప్పుడూ ఉంటది. ఈ మధ్య ఇంకోటి కూడా వస్తుంది: పిల్లల నవ్వు సహజంగా కనపడేటట్టు ఫొటో ఎట్ల తియ్యాలె అనే తెలివి. "నవ్వు" అని చెప్పొద్దంట. పిల్లగాని ఎత్తుకు వంగి కూసోవాలంట. నీ దోస్తు ఎవరు, వాన్ని క్లాసుల ఏమని పిలుస్తరు అని అడగాలంట. వాడు చెప్పుకుంట చెప్పుకుంట కిసుక్కున నవ్వినప్పుడు బటన్ నొక్కాలంట.

ఈ తెలివి తప్పని మేం అంటలేం. శాస్త్రం కూడా అదే చెప్తది. ఫ్రాన్సు డాక్టరు డ్యుషెన్ 1862లనే రాసిండు: పెదవుల కొసలను పైకి గుంజే కండరం మనం చెప్తే వింటది, కంటి చుట్టూ ఉండే కండరం వినదు, లోపల సంతోషం ఉంటేనే అది కదులుతది. అందుకే "చీజ్" అనిపిస్తే పండ్లు కనపడతయి, కండ్లు ఎప్పటిలెక్కనే ఉంటయి. (చీజ్ అంటే ఏందో మాకు డిగ్రీకి వచ్చినంక తెలిసింది. హాస్టల్ మెనూల అది లేదు.)

మా పంచాయితీ వేరే. మమ్మల్ని ఎట్ల నిలబెట్టేటోళ్ళో మీకు చెప్పాల్సిన పని లేదు, మీరూ నిలబడ్డోళ్ళే. పొట్టోళ్ళు ముందట, పొడుగోళ్ళు ఎనుక. అంగీ చినిగినోడు ఉంటే వాడు నడుమ. ముఖ్య అతిథి కారు వచ్చేదాకా ఎండలనే. ఒక్క దుప్పటిని నలుగురు పెద్దమనుషులు పట్టుకుంటరు, దాని కింద ఎక్కడో పిల్లగాని చేతులు. ఆ ఫొటోలల్ల మేం కట్టెల లెక్క ఉంటం, మూతులు బిగిసి ఉంటయి.

ఆ బిగిసిన మూతులే నయం అంటున్నం మేం. చూసేటోనికి కనీసం అర్థమైతది, ఈ పిల్లలకు ఏదో ఇబ్బంది ఉన్నదని. ఇప్పుడు ముచ్చట పెట్టి, కోతి చేష్టలు చేసి, నవ్విచ్చి తీసిన ఫొటోల ఆ ఇబ్బంది కూడా మాయమైతది. తలుపు లేని బాత్రూం కనపడది, నీళ్ళ పప్పు కనపడది. ఫ్లెక్సీ కింద పకపక నవ్వే పిల్లలు ఉంటరు. మా నవ్వు వాళ్ళకు సర్టిఫికెట్ అయితది.

పిల్లలు ఎక్కడైనా నవ్వుతరు. యాడి, బాపు చెరుకు కోతకు పోతే తోటల గట్టు మీద కూసోని గడలు నములుకుంట మేం కూడా నవ్వినం. ఆ నవ్వు చూపెట్టి కోత పని సుఖంగ ఉంటదని ఎవరన్నా అంటే ఒప్పుకుంటమా? శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. ఈ దిక్కు చెరుకు తగ్గింది, పని తగ్గింది, మా ఇండ్లోళ్ళు ఇంకా దూరం పోయిన్రు, మేం హాస్టళ్ళల్ల మిగిలినం. ఆదివారం నాడు చూడనీకి ఎవరూ రాని పిల్లగాడు సోమవారం ఫొటోల నవ్వకపోతే తప్పు వాని మొహంల లేదు.

ఇంకో సంగతి. మాలో శానా మందికి చిన్నప్పటి ఫొటో ఇంట్ల ఒక్కటి లేదు. ఉన్నయి అంటే హాస్టల్ అడ్మిషన్‌కు దిగిన పాస్‌పోర్టు సైజులే. అక్కడ స్టూడియో అన్న "నవ్వకు, పండ్లు కనపడొద్దు, సీదా చూడు" అంటడు. మేం పైసలు పెట్టుకొని దిగిన ఫొటోల నవ్వొద్దు, వేరేటోళ్ళు తీసుకపోయే ఫొటోల నవ్వాలె! మా బాల్యం మొత్తం ఎవరి ఫోన్లల్లనో, ఎవరి వార్షిక నివేదికలల్లనో ఉన్నది. ఒక్క ప్రింటు కూడా తిరిగి రాలే.

చట్టం ఏమంటదో కూడా చూద్దాం. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు గానీ, బడి గానీ, ఫొటో గానీ బయట పెట్టొద్దు. పెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. జనవరిల ఆపరేషన్ స్మైల్, జులైల ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు బట్టీల నుంచి, హోటళ్ళ నుంచి పిల్లలను బయటికి తెస్తరు. మంచి పనే. కానీ పేరుల్నే నవ్వు పెట్టుకున్నరు చూడుండ్రి, నిన్నటిదాకా ఇటుకలు మోసిన పోరడు ఇయ్యాల నవ్వాలె. హాస్టల్ పిల్లలకు ఆ సెక్షన్ నేరుగా రాదు అని సార్లు అంటరు. రాకపోతే మాత్రం ఏంది? వార్డెన్ పక్కన నిలబడి ఉండంగ "నా ఫొటో వద్దు" అని ఐదో తరగతి పిల్ల అనగలుగుతదా?

మన జనాన్ని ఫొటోలు తీసుడే తప్పు అంటలేం. 1940లల్ల హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఆదిలాబాద్ మార్లవాయిల ఉన్నరు, ఆయన గోండి నేర్చుకున్నడు, గోండు పిల్లల సదువు కోసం పని చేసిండు. ఆయన తీసిన ఫొటోలల్ల మనుషులు వాళ్ళ పనిల వాళ్ళు ఉంటరు. నెలల తరబడి పక్కన ఉన్న మనిషి చేతిల కెమెరా ఉంటే ఎవడు పట్టించుకుంటడు? మార్లవాయిల ఇప్పటికీ ఆ ఇద్దరి సమాధుల దగ్గర వర్ధంతి చేస్తరు. ఆయన విషయంల కూడా మాకు ఒక అసంతృప్తి ఉన్నది, ఫొటోలు మాత్రం లండన్‌ల సోయాస్‌కు పోయినయి. అయినా గంటసేపు వచ్చి, ఇరవై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చి, పిల్లల కండ్లల్ల మెరుపు కావాలె అనేటోళ్ళకు, ఆయనకు పోలికే లేదు.

మనోళ్ళే కొందరు అంటరు: "ఫొటో లేకపోతే దాత మళ్ళా రాడు, డిసెంబర్‌ల సలికి దుప్పటి ఎవడిస్తడు?" ఇది ఉత్త మాట కాదు, ఆ సలి మాకూ తెలుసు. కానీ దుప్పటి ఇచ్చినట్టు లెక్క కావాలంటే దుప్పట్ల కట్టల ఫొటో తీసుకోండి, రిజిస్టర్‌ల సంతకం తీసుకోండి. ఎనుక నుంచి తీయండి, చేతులు తీయండి. మొహమే కావాలంటే ముందుగాల పిల్లను, ఇంటోళ్ళను అడగండి, వద్దంటే దుప్పటి ఇచ్చి పోండి. అసలు హాస్టల్‌ల దుప్పటి సర్కారు ఇయ్యాల్సింది. అది ఎందుకు రాలేదో అడిగే దాత ఒక్కడు వచ్చినా మేం నిజంగానే నవ్వుతం.

ఇగ మనం చేసేది చెప్తం. ఈసారి ఆగస్టు 9న మనోళ్ళమే పోదాం, ఎడపల్లి దిక్కు హాస్టళ్ళకు, బ్యానర్ లేకుండ. పొద్దుగాలనే పోయి పిల్లలతోని వాలీబాల్ ఆడి, అక్కడనే తిని, వాళ్ళ వాళ్ళ భాషల మాట్లాడి, సాయంత్రం అడిగినోళ్ళకే ఫొటో తీద్దాం. నవ్వినా సరే, మూతి ముడుసుకున్నా సరే. నిజామాబాద్‌ల ప్రింటు తీపిచ్చి, ఎవరిది వాళ్ళ చేతిల పెడదాం, గ్రూపుల పెట్టేది లేదు. ప్రింట్ల పైసలకు తలా కొంత వేసుకుందాం. వచ్చేటోళ్ళు కింద పేరు, హాస్టల్ రాయుండ్రి. ఫోన్ కెమెరా మంచిగున్నోళ్ళు అది కూడా రాయుండ్రి.