నైట్రైటా, నైట్రేటా? ఒక్క అక్షరమే అనుకోవద్దు

డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, పోటీ పరీక్షల కోసం జనరల్ సైన్స్ బిట్లన్నీ బట్టీ పట్టినవాళ్లు గోదావరి జిల్లాల్లో ఊరూరా కనిపిస్తారు. వాళ్లకో చిన్న ప్రశ్న. నైట్రైట్‌కూ నైట్రేట్‌కూ తేడా ఏంటి? రెండింటి ఆవేశమూ రుణం 1. మొదటిదాంట్లో ఆక్సిజన్ పరమాణువులు రెండు, రెండోదాంట్లో మూడు. అంతే. పరీక్షలో తప్పు రాస్తే పోయేది ఒక్క మార్కే. భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబ్‌లో రిపోర్టు తప్పు రాస్తే రైతు పంటే పోవచ్చు. ఎందుకంటే రొయ్యలకు నైట్రైట్ విషం. నైట్రేట్‌తో ముప్పు చాలా తక్కువ.

ఆవేశం సంగతీ ఇలాంటిదే. ఆవేశం లేని అమ్మోనియా రొయ్యలను చంపేస్తుంది. అదే ఒక హైడ్రోజన్ అయాన్‌ను కలుపుకుని ధనం 1 ఆవేశంతో అమ్మోనియంగా మారితే దాని విషం బాగా తగ్గుతుంది. నీటి పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియం మళ్లీ అమ్మోనియాగా మారుతుంది. ఇప్పుడు సున్నం బస్తా చూడండి. కాల్షియం కార్బోనేట్‌నూ, కాల్షియం హైడ్రాక్సైడ్‌నూ జనం సున్నమనే అంటారు. కానీ పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచేది హైడ్రాక్సైడ్. అమ్మోనియా సమస్య ఉన్న చెరువులో అది వేయమంటే కొంప ముంచినట్టే. బస్తా మీద పేరు చదవగలిగినవాడే సరైన సలహా ఇవ్వగలడు.

నిజానికి నేర్చుకోవాల్సింది కొండంత ఏమీ లేదు. పేరులో ధన అయాన్ ముందు, రుణ అయాన్ తర్వాత వస్తాయి. చివర ‘ఐడ్’ ఉంటే సాధారణంగా ఒకే మూలకం. హైడ్రాక్సైడ్, సయనైడ్ లాంటివి మినహాయింపులు. ‘ఐట్’, ‘ఏట్’ ఉంటే ఆక్సిజన్ ఉన్నట్టు. ‘ఏట్’లో ఎక్కువ, ‘ఐట్’లో తక్కువ. మొత్తం ఆవేశం సున్నా కావాలి. కాల్షియం ధనం 2, క్లోరైడ్ రుణం 1. కాబట్టి ఒక కాల్షియంకు రెండు క్లోరైడ్లు. అయినా పేరు కాల్షియం క్లోరైడే, ‘డై’ అక్కర్లేదు. ఐరన్‌కు మాత్రం ధనం 2, ధనం 3 రెండూ ఉంటాయి కనుక ఐరన్(2), ఐరన్(3) అని చెప్పి తీరాలి.

మరి డీఏపీలో ‘డై’ ఎందుకుంది? అది వాడుక పేరు. అందులో హైడ్రోజన్ ఫాస్ఫేట్ రుణం 2, దానికి సరిపడా అమ్మోనియం అయాన్లు రెండు. వరికి వేసే జింక్ సల్ఫేట్‌లో 2కు 2 సరిపోయి, ఒకటికి ఒకటి. పొటాష్ అంటే ఎక్కువగా పొటాషియం క్లోరైడ్. యూరియా అసలు అయానిక సమ్మేళనమే కాదు. మీ పొలం గట్టు మీదున్న బస్తాలే మీకు మోడల్ పేపర్.

ఆ భీమవరంలోనే 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఇద్దరి పేర్లతోనే నిలిచిన ఆ పద్ధతి పని చేసేది ఫాస్ఫేట్ అయాన్ మీదే. దాన్ని కచ్చితంగా కొలవడమే ఆయనకు పేరు తెచ్చిన తొలి మెట్టు.

కాలేజీలు కూడా అయాన్ల పట్టికను బోర్డు మీద రాసి వదిలేయకూడదు. విద్యార్థుల చేత చెరువు నీళ్లు పరీక్ష చేయించాలి, ఎరువుల బస్తా చదివించాలి. కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో అయినా, ఊళ్లోని ఆక్వా ల్యాబ్‌లో అయినా కావాల్సింది బిట్లు గుర్తున్నవాళ్లు కాదు, పేరు చూసి లోపల ఏముందో చెప్పగలిగినవాళ్లు. రోజుకు ఐదు పేర్లు తీసుకుని ఆవేశాలు సరిచూసుకోండి. నెల తిరిగేసరికి పట్టికతో పనుండదు.