నడకల భాండాగారము

ఇంటి ముసలమ్మ యడుగులు చిన్నవైనను, నడుచునపు డొక చేయి యూగకున్నను "వయసు మీఱినది" యని యూరకుందుము. అది పార్కిన్సన్ అను వణుకురోగమునకు తొలిగుర్తు కావచ్చును.

పరిశోధకు లట్టి రోగులను 93 మందిని, ఆరోగ్యవంతులను 73 మందిని సుమారు రెండేసి నిమిషములు నడిపించి, ఒక్కొక్క పాదము క్రింద 8 సాధనములతో అడుగు మోపిన బలమును సెకండునకు 100 మార్లు కొలిచిరి. ఆ కొలతలు 1999లో అమెరికాలో నెలకొన్న ఫిజియోనెట్ అను అంతర్జాల భాండాగారమున నున్నవి. ఏ దేశపు పరిశోధకులైనను వానిని ఉచితముగా దీసికొనవచ్చును. ఒక్క ఆసుపత్రిలోని పదుగురి నడకతో తేలని సంగతి పలువురి నడకలు కలిసిన తేలును గదా!

అయిన నవి టెల్ అవీవ్ నగరమున గొలిచినవి. మా జమ్మికుంట ప్రాంతమున గోచి పోసి కట్టిన చీరతో, వట్టికాళ్లతో ప్రత్తిచేనికి బోవు అవ్వ నడకకు అవి సరిపోలునా? మనవారి నడకలును అట్టిచోట జేరవలయును.

కాని నడకయు ముఖమువలెనే మనిషిని పట్టియిచ్చును. పేరు తుడిచిన జాలదు. కొలత లడిగినచో, వాని నెవరికి జూపుదురో, వలదన్న తీసివేయుదురో లేదో, అవ్వ యెదుటనే అడుగుడు. ఒప్పుకొనకున్నను వైద్యము సాగునని చెప్పించుకొనుడు. వ్రేలిముద్రయైనను అవ్వదే కావలెను, కోడలిది కాదు.