అక్వేరియం ఫిల్టరు మార్పు: వ్యవసాయ విద్య చెప్పగల సమాధానం

మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద వరి పండించే ప్రాంతం బాన్సువాడ. అక్కడ పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తకు నత్రీకరణ కొత్త విషయం కాదు. నీరు నిలిచిన మడిలో గాలి తగిలే పలుచని పైపొరలో అమ్మోనియం నైట్రేటుగా మారుతుంది. అది ప్రాణవాయువు లేని దిగువ పొరకు చేరి వాయురూపంలో నష్టపోతుంది. ఎరువును బురద పొరలో వేయమనడం ఇందుకే. కానీ అదే పట్టణంలో ఒక ఇంటి గాజు తొట్టెలో ఫిల్టరు మార్చిన వారంలోనే చేపలు చనిపోతే, అది తమ శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న కాదని పక్కన పెట్టడం సమంజసం కాదు.

మడిలో నష్టం కలిగించే ఆ ప్రక్రియే తొట్టెలో చేపలకు ప్రాణాధారం. చేపలు ప్రధానంగా మొప్పల ద్వారా అమోనియాను విసర్జిస్తాయి. బాక్టీరియాలు దానిని మొదట నైట్రైటుగా, ఆ తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండు దశలను వేర్వేరు బాక్టీరియాలు నిర్వహిస్తాయని 1890 ప్రాంతంలో నిరూపించినవారు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. ఆయన వాటిని వేరుచేసినది నేల నుండే అన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఇవి నీటిలో కంటే ఫిల్టరు స్పాంజి, గులకరాళ్ల ఉపరితలాలపైనే అధికంగా నివసిస్తాయి. వీటి వృద్ధి చాలా నెమ్మది. పాత స్పాంజిని పారవేస్తే ఈ సముదాయంలో అధిక భాగం పోతుంది. కొత్తదానిపై అది తిరిగి నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా అమోనియా పేరుకుంటుంది. నీరు మాత్రం తేటగానే కనిపిస్తుంది.

క్షార స్వభావం గల నీటిలో ప్రమాదం మరింత ఎక్కువ. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఉదజని సూచిక 7 ఉన్నప్పుడు మొత్తం అమోనియాలో విషపూరిత రూపం సుమారు 0.6 శాతమే, 8కి చేరితే 5 శాతం దాటుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ భాగం ఇంకా పెరుగుతుంది. నైట్రైటు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపానికి మారుస్తుంది.

కనుక కొత్త ఫిల్టరును పాతదాని పక్కనే అమర్చి, నాలుగు నుండి ఆరు వారాలు రెండింటినీ నడపాలి. అందుకు వీలు లేకపోతే పాత స్పాంజిని కొత్త ఫిల్టరులోకి మార్చి, మేత తగ్గించాలి. అమోనియా లేదా నైట్రైటు కనిపిస్తే నాలుగో వంతు నీటిని మార్చాలి. పోసే కుళాయి నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో ముందుగా తొలగించాలి. స్పాంజిని కుళాయి కింద కడగడం మరో పొరపాటు. క్లోరిన్ చేపలకే కాదు, ఈ బాక్టీరియాకూ హానికరం. తొట్టె నుండి తీసిన నీటిలో పిండితే చాలు. కరెంటు గంటల తరబడి పోయినప్పుడు మూత ఉన్న ఫిల్టరులో ప్రాణవాయువు తరిగి బాక్టీరియాలు చనిపోతాయి. అప్పుడు స్పాంజిని తీసి తొట్టె నీటిలోనే ఉంచాలి.

నెలకోసారి స్పాంజి మార్చాలన్న సలహా అమ్మకానికి ఉపయోగపడుతుందే తప్ప చేపలకు కాదు. కాలక్రమంలో పనితనం కోల్పోయేది ఉత్తేజిత బొగ్గు. స్పాంజి చివికిపోయేంతవరకు పనిచేస్తుంది.

నేల సూక్ష్మజీవ శాస్త్ర ప్రాక్టికల్స్‌లో దీనికి చోటు కల్పించడం కష్టం కాదు. చేపలు లేని రెండు తొట్టెలలో కొద్దిగా అమ్మోనియం క్లోరైడ్ కలిపి, ఒకదానిలో పాత స్పాంజిని, మరొకదానిలో కొత్తదానిని ఉంచి, రోజూ అమోనియా, నైట్రైటు కొలిపించవచ్చు. అవే కొలతలతో విద్యార్థులు పొలంలో ఎరువు నష్టాన్నీ, ఇంటి తొట్టెలో చేపల మరణాన్నీ వివరించగలుగుతారు.