బేజుబాన్ల గాబరాకు దవా సీసాలో లేదు



"మా పిల్లి ఊరికే గాబరా పడుతోంది, మంచం కిందనుంచి బయటికి రావట్లేదు, ఏదైనా కుదరతీ ఇలాజ్ ఉందా?" ఈ సవాల్ ఇప్పుడు మన ఇళ్ళల్లో బాగా వినబడుతోంది. పర్షియన్ పిల్లులు మన మొహల్లాల్లోకి వచ్చాక మరీ ఎక్కువైంది. ఇలాజ్ ఉంది. కానీ అది అత్తర్ సీసాలో దొరకదు, ఆమిల్ సాబ్ కట్టే తావీజులో అంతకన్నా దొరకదు. ఆ జంతువుకు ఖౌఫ్ పుట్టించేది ఎవరో ముందు చూడాలి. చాలాసార్లు అది మనమే.

ఒక షాదీ బారాత్ సంగతే తీసుకోండి. దుల్హా గుర్రం దిగేలోపు గల్లీ మొదటినుంచి చివరిదాకా లడీలు పేలాలి. మర్ఫా చాలదని డీజే కూడా పెట్టాలి. మనిషి చెవి దాదాపు 20 వేల హెర్ట్జ్‌ల దాకా వింటుంది. కుక్క 45 వేల దాకా, పిల్లి 60 వేలు దాటి వింటాయి. మనం చెవులు మూసుకునే ధమాకా వాటికి ఎట్లా ఉంటుందో ఖయాల్ చేయండి. పైగా మనకు అది షాదీ అని తెలుసు. వాటికి తెలియదు. ఆ శబ్దం ఎందుకు వచ్చిందో, మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియని జీవికి అది ఖయామత్తే.

దీపావళి గురించి మాట్లాడమంటే మనవాళ్ళు గంట సేపు మాట్లాడతారు. షబే బరాత్ రాత్రి మన పిల్లలు కాల్చే పటాకుల సంగతి ఎత్తితే మాత్రం ఖామోష్. ఇబాదత్ చేయాల్సిన రాత్రి ఆతిష్‌బాజీ ఏమిటని ఉలమా ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నారు. ఇస్రాఫ్ అని చెప్పారు, ఫుజూల్ ఖర్చు అని చెప్పారు. బేజుబాన్ జీవుల మీద జుల్మ్ అని కూడా ఒక మాట కలపండి.

అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక వాఖియా ఉంది. ప్రవక్త ముహమ్మద్ (సఅసం) మదీనాలో ఒక అన్సారీ తోటలోకి వెళ్ళారు. అక్కడున్న ఒంటె ఆయన్ని చూసి మూలిగింది, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆయన దగ్గరికి వెళ్ళి చెవుల వెనక చేత్తో నిమిరారు. ఒంటె శాంతించింది. ఇంతవరకు మనకు చాలా ఇష్టం, పిల్లలకు చెప్పుకుంటాం. తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. ఈ ఒంటె ఎవరిదని ఆయన అడిగారు. ఒక అన్సారీ యువకుడు నాదేనన్నాడు. దీన్ని నీ అమానత్‌గా ఇచ్చిన అల్లాహ్‌కు భయపడవా, ఆకలితో మాడ్చి, అలసిపోయేదాకా పని చేయిస్తున్నావని ఇది ఫిర్యాదు చేస్తోంది అని మందలించారు.

అంటే నిమరడంతో బాత్ ఖతం కాలేదు. చేత్తో సుకూన్ ఇచ్చారు, నోటితో మాలిక్‌ను జవాబు అడిగారు. మనం మొదటి సగాన్ని సీసాలో కొనుక్కుని, రెండో సగాన్ని ఎగ్గొట్టాలని చూస్తున్నాం.

ఆ సీసాల సంగతీ చెప్పుకుందాం. "నేచురల్" అని రాసి ఉంటే చాలు, నష్టం లేదనుకుంటున్నారు. జహర్ కూడా కుదరతీదే! నీలగిరి తైలం, టీ ట్రీ ఆయిల్ లాంటివి పిల్లికి విషం. మన కలేజా విరిచేసే చాలా పదార్థాలను పిల్లి కలేజా విరిచేయలేదు. ఒంటి మీద రాస్తే అది నాకి లోపలికి తీసుకుంటుంది. తలనొప్పి బామ్ రాయడం, గదిలో ఘాటైన నూనెల పొగ పెట్టడం దవా కాదు. వణుకుతోంది, జ్వరమేమో అని పారాసెటమాల్ గోళీ వేసేవాళ్ళున్నారు. పిల్లిని చంపడానికి ఆ గోళీ ఒక్కటి చాలు. మనుషుల నిద్రగోళీ సగం విరిచి కుక్కకు పెట్టడమూ అంతే జహాలత్. క్యాట్‌నిప్ గానీ మన కుప్పింటాకు వేరు గానీ చూపిస్తే పిల్లి కాసేపు పొర్లాడుతుంది. అది నషా, సుకూన్ కాదు. ఇక పిల్లికి జిన్ పట్టిందని దమ్ చేయించడానికి తిరిగేవాళ్ళకు ఒకటే మాట: గల్లీలో డీజే ఆపించండి, జిన్ దానంతటదే పోతుంది.

మరి నిజంగా పనిచేసేది ఏమిటి? దానికి పైసా ఖర్చు లేదు, సబర్ కావాలి.

పిల్లికి దాక్కునే చోటు కావాలి. ఒక అట్టపెట్టె పడుకోబెట్టి, పాత దుప్పటి వేసి, జనం తిరగని మూలలో పెట్టండి. ఆ దుప్పటి మాటిమాటికీ ఉతకొద్దు, దాని వాసనే దానికి ధైర్యం. అలమారీ పైన ఎక్కి కూర్చుంటే కూర్చోనివ్వండి, ఎత్తునుంచి చూస్తే దానికి భరోసా. దాక్కున్నదాన్ని మెహమాన్లకు చూపించాలని కాళ్ళు పట్టి లాగొద్దు. తిండి రోజూ ఒకే టైముకు పెట్టండి. కళ్ళల్లోకి గుడ్లప్పగించి చూడకండి, నెమ్మదిగా కళ్ళు మూసి తెరవండి. పిల్లుల భాషలో అది సలామ్ లాంటిది. ఒక జాగ్రత్త: తిండి మానేసినా, మూత్రానికి కూర్చుని రాక అవస్థ పడుతున్నా అది గాబరా అనుకుని ఊరుకోకండి. ముఖ్యంగా మగపిల్లికి మూత్రం ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

కుక్కకైతే, పటాకులు కాలుతాయని తెలిసిన రోజు చీకటి పడకముందే బాగా తిప్పి, కడుపునిండా పెట్టి, లోపలి గదిలోకి చేర్చండి. కిటికీలు మూసి, పర్దాలు వేసి, కూలరో ఫ్యానో నడవనివ్వండి. గొలుసుతో కట్టేయకండి, బెదిరిన కుక్క గొలుసుకు ఉరి పడుతుంది. దగ్గరికి వచ్చి ఆనుకుంటే నిమరండి. నిమిరితే భయం అలవాటవుతుందన్నది ఉత్త మాట. కొన్ని వారాల ముందునుంచే పటాకుల చప్పుడు ఫోన్లో చాలా చిన్నగా వినిపిస్తూ, ఇష్టమైన ముక్క పెడుతూ, భయపడనంత మేరకే మెల్లగా శబ్దం పెంచుకుంటూ పోతే చాలా కుక్కలు తేరుకుంటాయి.

"కుక్క నజిస్ కదా, దాని గురించి మనకెందుకు" అనే సాహెబులకు జవాబు ఉంది. మన హనఫీ ఫిఖ్హ్‌లో కుక్క లాలాజలం నజిస్. పొడి ఒళ్ళు తగిలినంత మాత్రాన బట్టలు నాపాక్ కావు. ఇంట్లో పెంచుకోమని ఎవరూ అనడం లేదు. కాపలాకు, మందకు, వేటకు తప్ప పెంచొద్దన్న మస్అలా తెలిసిందే. కానీ నజిస్ అయినంత మాత్రాన రాయి హలాల్ అయిందా? దాహంతో నాలుక బయటపెట్టిన కుక్కకు బావిలో దిగి మేజోడులో నీళ్ళు తెచ్చి తాగించిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిందని బుఖారీలో లేదా? గుహవాసుల గడప దగ్గర కాళ్ళు చాపుకుని పడుకున్న కుక్కను సూరా కహఫ్‌లో ఖుర్ఆన్ ప్రస్తావించలేదా? అబూ హురైరా (రజి) పేరు చెప్పి పిల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అదే చేత్తో గల్లీ కుక్కను కొట్టడం ఏ దీన్‌?

రాళ్ళు తిన్న కుక్క భయస్తురాలవుతుంది. భయపడిన కుక్కే చాలాసార్లు కరుస్తుంది. కరిచేది ఎవరిని? మక్తబ్‌కు పోయే మన పిల్లల్నే. కుక్క ఎదురైతే పరిగెత్తొద్దు, అరవొద్దు, చెట్టులా నిలబడు అని వాళ్ళకు నేర్పండి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధార నీళ్ళతో కడిగి, అదే రోజు రేబిస్ టీకా వేయించండి. పసుపు, కారం పూసి కూర్చోవద్దు.

ఇంకో ఎత్రాజ్ వస్తుంది: "మనుషులమైన మనకే దిక్కు లేదు, నువ్వు కుక్కలకూ పిల్లులకూ ఇన్సాఫ్ అడుగుతున్నావా?" అవును, అడుగుతున్నాను. జుల్మ్ అంటే ఏమిటో తెలిసిన ఖౌమ్ మనది. కారణం తెలియని భయంతో తలుపులు మూసుకుని కూర్చోవడం ఎట్లుంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే మన గల్లీలో మనకన్నా కమ్జోర్ ప్రాణి వణుకుతుంటే నవ్వే హఖ్ మనకు లేదు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, వేటాడుకోనూ వదలక చంపిన ఔరత్‌కు అజాబ్ ఉందన్న హదీసు, మనకు కష్టాలున్నాయని మాఫ్ అయిపోదు.

కాబట్టి మస్జిద్ కమిటీల బుజుర్గులారా, నికాహ్ చదివించే ఖాజీ సాబ్‌లారా, కట్నం వద్దని చెప్పే నోటితోనే బారాత్‌లో పటాకులు వద్దని కూడా చెప్పండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. షాదీఖానా బుకింగ్ కాగితం మీద ఆ రెండు ముక్కలు రాయించండి. లడీలకు పెట్టే పైసలు వలీమాలో ఒక గరీబు దస్తర్‌ఖాన్‌కు పెట్టండి. అమ్మీలారా, అబ్బాలారా, మీ పిల్లవాడు కుక్క తోకకు డబ్బా కడుతుంటే "బచ్చా హై" అని నవ్వకండి. ఆ చేతిలోంచి డబ్బా లాక్కుని ఒక గిన్నె నీళ్ళు పెట్టండి, గోడ పక్కన నీడలో పెట్టి రమ్మనండి.