ధనియం చెప్పే చుట్టరికం



వృక్షశాస్త్రం అంటే లాటిన్ పేర్ల వల్లెవేత అని మనలో చాలామంది అభిప్రాయం. ఇందుకు విద్యార్థుల సోమరితనం కంటే పాఠం నడిచే వరుసే ఎక్కువ కారణమని నా వాదన. క్యారెట్టు, ఐవీ తీగ చేరిన ఏపియేలీస్ క్రమాన్నే తీసుకుందాం.

మా కాణిపాకం పక్క కొత్తిమీర వేసే రైతు ధనియాలను అట్లే చల్లడు. నేలమీద పోసి, మెల్లగా నలిపి, రెండు బద్దలు చేసి చల్లుతాడు. ఎందుకంటే మనం గింజ అనుకునేది నిజానికి పండు. రెండు ఫలదళాల నుంచి ఏర్పడి, ఎండినాక రెండుగా చీలే పండు. ఒక్కో బద్దలో ఒక్కో విత్తనం. పుస్తకం దీన్ని క్రీమోకార్ప్ అంటుంది. బడి మొహం చూడని మా అవ్వకు ఈ సంగతి తెలుసు, పేరొక్కటే తెలీదు. పేరు రాసి మార్కులు తెచ్చుకునే మనలో ఎంతమందిమి ఒక్క ధనియాన్ని వేళ్ళతో నలిపి చూసినాము?

పువ్వు సంగతీ అంతే. కొత్తిమీర పూతకొచ్చిందంటే ఇక ఆకు అమ్ముడుపోదని రైతుకు దిగులు. కానీ ఆ పూతను దగ్గరగా చూడండి. గొడుగు పుల్లల్లాగా ఒకేచోటి నుంచి కాడలు, ఒక్కో కాడ చివర మళ్ళీ ఒక చిన్న గొడుగు. ఇదే సంయుక్త గుచ్ఛం. ఒక్కో పువ్వుకు 5 ఆకర్షణ పత్రాలు, 5 కేసరాలు, అడుగున నిమ్న అండాశయం. అంచు పువ్వులకు బయటివైపు రేకులు పెద్దవి, లోపలివైపువి చిన్నవి. అందుచేత గొడుగంతా కలిసి ఈగలకూ తేనెటీగలకూ ఒకే పెద్ద పువ్వులా కనిపిస్తుంది. జీలకర్ర, వాము, సోంపు, ఇంగువ అన్నీ ఈ కుటుంబమే. పోపులపెట్టెలో సగం ఏపియేసీదే అనడంలో అతిశయోక్తి లేదు!

ఐవీది అరాలియేసీ కుటుంబం. వరండా కుండీల్లో పెంచే అరేలియాలు ఇందులోవే. ఎక్కువ భాగం చెట్లు, పొదలు, తీగలు; పండు సాధారణంగా కండ గలది. అయినా అవే గొడుగులు, అదే నిమ్న అండాశయం. ఈ పోలిక బెంథామ్, హుకర్ (1862-1883) పసిగట్టి రెండింటినీ అంబెల్లేలీస్‌లో పక్కపక్కన పెట్టినారు. వారి కంటిచూపుకు నమస్కరించాల్సిందే. అయితే డార్విన్ గ్రంథం 1859లోనే వచ్చినా, వారి వర్గీకరణ వంశక్రమం మీద నిలబడింది కాదు.

డి.ఎన్.ఏ. పోల్చిచూసిన ఏ.పి.జి. వర్గీకరణ (1998 నుంచి 2016 దాకా నాలుగుసార్లు వచ్చింది) ఈ ఇంటిని తలకిందులు చేసింది. విడి రేకుల గుంపులోని కొత్తిమీరను తెచ్చి బంతి, పొద్దుతిరుగుడు ఉన్న శాఖలో చేర్చింది. అంబెల్లేలీస్‌లో మూడోదైన కార్నేసీని బయటికి పంపింది. ఎక్కడో థలామిఫ్లోరేలో ఉన్న పిట్టోస్పోరేసీని లోపలికి తెచ్చింది. దాని అండాశయం ఊర్ధ్వం! పువ్వు చూస్తే చుట్టమనిపించదు. కాండంలోని జిగురు నాళాలు, రసాయనాలు మాత్రం చుట్టమనే సాక్ష్యం చెబుతాయి. మన సరస్వతి ఆకును లిన్నేయస్ హైడ్రోకోటైల్ అన్నాడు. ఇప్పుడది సెంటెల్లా పేరుతో క్యారెట్టు ఇంట్లో ఉంది, హైడ్రోకోటైల్ ప్రజాతేమో ఐవీ ఇంటికి పోయింది.

పుష్పచిత్రం ఒక్కటే చుట్టరికాన్ని తేల్చలేదని చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఉందా? ఈ కథంతా వదిలి, 1883 నాటి జాబితాను బట్టీ పట్టించడం అన్యాయం. 

ఇంకో అన్యాయం ఉంది. శేషాచలం కొండలకే పరిమితమైన కొండకొత్తిమీర కూడా ఈ కుటుంబమే. శాస్త్రీయ నామం పింపినెల్లా తిరుపతియెన్సిస్. ఊరి పేరే దాని పేరు. దాని దుంపవేరు మందుకు వాడతారు. వేరు తవ్వితే మొక్క మిగలదు. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించినారు, సంతోషమే. కానీ మన స్టడీ టూర్లు ఊటీకి పోతాయి గానీ ఆ కొండకు పోవు. 

వచ్చే ఏడు అటవీశాఖ అనుమతి తీసుకొని శేషాచలానికే పోదాం. తవ్వకుండా, పెరక్కుండా, లెన్సు పెట్టి చూసి బొమ్మ గీసుకొని వద్దాం. ఈలోగా ప్రయోగశాల వెనక ఒక చిన్న మడి కట్టి కొత్తిమీర వేసి, పూతకూ కాయకూ వదిలేద్దాం. ధనియాలు మా ఇంటినుంచి నేను తెస్తాను. బద్దలు చేసే పని మాత్రం క్లాసంతా చెయ్యాల!